నూనె, నీళ్లు కలవాలంటే

పోయిన ఏడు సంఘం అప్పుతో కౌలుకు మిరప వేసిన మా అక్క చేనులో వేపనూనె కొట్టించింది మేమే. నూనె తిన్నగా ట్యాంకులో పోశాం. పైకి తేలింది. మొదటి సాళ్లకు ఉత్త నీళ్లు, చివరి సాళ్లకు ఉత్త నూనె. ఆ ఆకులు మాడిపోయాయి. అక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

తర్వాత బట్టల సబ్బు తురిమి కలిపాం. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కదా, సబ్బు విరిగి తెట్టు కట్టి నాజిల్ మూసుకుపోయింది.

ఇప్పుడు కుంకుడు రసమే వాడుతున్నాం, ఆ నీళ్లలో అది విరగదు. రాత్రి నానబెట్టి, పిసికి, వడగట్టాలి. 15 లీటర్ల ట్యాంకుకు 75 మిల్లీలీటర్ల నూనె. ముందు నూనె, రసం కలిపి పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. నీళ్లు ఆ తర్వాతే, కొంచెం కొంచెంగా. చెంబులో తీసి చూడండి, నూనె తేలితే కొట్టొద్దు, ఇంకాస్త రసం పోయండి. సాయంత్రం పూట కొట్టాలి, కలిపింది ఆ రోజే అయిపోవాలి.

అక్క ఈ ఏడూ మిరపే వేసింది. మందు కలపడానికి మమ్మల్నే పిలిచింది, కాకపోతే పక్కనే నిలబడి చూసింది!