పెన్షన్ అనే మాట - దాని పుట్టుక, నడక
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఏవైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగెందుకు, ఒక్క మాట గురించే చెబుతాను. అది మనందరం ప్రతి నెలా ఒకటో తారీఖున తలచుకునే మాట. పెన్షన్. పల్లెల్లో పింఛను. పాస్‌బుక్కులో అంకె చూసుకోవడమే గాని, ఈ మాట ఎక్కడ పుట్టిందో, ఏ అర్థంతో బయలుదేరిందో విచారించిన వాళ్లం తక్కువ.

దీని పుట్టిల్లు లాటిన్ భాష. రోమునగరంలో నాణేలు రాకముందు కంచు ముక్కలను త్రాసులో తూచి బాకీలు తీర్చేవారు. అందుచేత వారికి తూయడమన్నా చెల్లించడమన్నా ఒకే క్రియ, పెండెరె. దాన్నుంచి వచ్చిన పెన్సియో అంటే చెల్లింపు. మనకిది వింతేమీ కాదు. బ్రిటిషు కాలపు వెండి రూపాయి బరువే తులం. అలాంటి 80 రూపాయల ఎత్తు ఒక సేరు. రూపాయెత్తు బంగారమని మన ఇళ్లలో అనడం చాలామంది విన్నవారే.

తూయాలంటే త్రాసు వేలాడాలి గదా! అందుకే ఆ మూలానికి వేలాడటమనే అర్థమూ ఉంది. మన తూగు అనే మాటకు బరువు సరిపోవడం, ఊగడం రెండర్థాలూ ఉన్నట్టే. ఇక్కడినుంచి చూస్తే మన ఆఫీసు జీవితమంతా ఈ ఒక్క కుటుంబంలోనే గడిచింది. ఫైలు పెండింగులో ఉందంటే వేలాడుతోందని అర్థం. సస్పెండయ్యాడంటే ఈసారి మనిషే వేలాడుతున్నాడు. ఏ పద్దులోనూ చేరని సొమ్మును సస్పెన్స్ అకౌంటులో వేలాడదీశాం. డిపెండెంట్లంటే మనల్ని పట్టుకుని వేలాడేవాళ్లు; ఇక్కడున్న మనవలు కోపగించుకోవద్దు. ఎక్స్‌పెండిచర్, కాంపెన్సేషన్, స్టైపెండు, ఇవన్నీ తూచి ఇచ్చే వైపు చుట్టాలు. మందులు తూచి ఇచ్చేది డిస్పెన్సరీ. ఆలోచనలో మునిగినవాడిని పెన్సివ్ అంటారు. మనం ఆచితూచి మాట్లాడటం అంటామే, ఆ తూకమే ఇది.

ఫ్రెంచివారి ద్వారా 14వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో చేసిన పనికిచ్చే చెల్లింపులకూ, చర్చి ఆదాయంలోంచి ఇచ్చే వాటికీ వాడేవారు. గతంలో చేసిన సేవకు క్రమం తప్పకుండా ఇచ్చే సొమ్మనే అర్థం 16వ శతాబ్దానికి స్థిరపడింది. ఫ్రెంచిలో మాత్రం ఇప్పటికీ భోజనంతో సహా బస ఇచ్చే ఇంటిని కూడా పెన్షన్ అంటారు.

తర్వాత ఈ మాటకు మచ్చ పడింది. రాజులు తమకు కావలసినవారికి, అడుగులకు మడుగులొత్తేవారికి పెన్షన్లు పంచారు. 1755లో డాక్టర్ శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో దీనికి అర్థం రాస్తూ, తగిన ప్రతిఫలం లేకుండా ఇచ్చే సొమ్మన్నాడు. ఇంగ్లాండులో మాత్రం దేశద్రోహానికి ఇచ్చే కూలి అని కూడా అంటించాడు. విచిత్రమేమంటే 1762లో మూడవ జార్జి రాజు ఆయనకే ఏడాదికి 300 పౌన్ల పెన్షన్ ఇచ్చాడు. ఆయన తటపటాయించాడు. అప్పుడు ప్రధాని లార్డ్ బ్యూట్, ఇది మీరు ఇకముందు చేయబోయే పనికి కాదు, ఇదివరకే చేసిన పనికి అని నచ్చజెప్పాడు. నిఘంటువులో లేని సరైన అర్థం ప్రధాని నోట వచ్చిందన్నమాట!

ఈ పాత కథ ఎందుకంటే, మొన్నామధ్య ఒక కౌంటరు దగ్గర నా ముందు నిలబడ్డ ఒక తల్లి, ఫ్యామిలీ పెన్షన్ మూడు నెలలుగా పడలేదని అడిగింది. లోపలి అబ్బాయి "పనిచేయకుండా వచ్చే డబ్బే కదమ్మా, కాస్త ఓపిక పట్టండి" అన్నాడు. ఆవిడ మారు మాట్లాడకుండా సంచీ సర్దుకుని పక్కకు జరిగింది. ఆ అబ్బాయి జాన్సన్‌ను చదివి ఉండడు. కానీ అతను చెప్పింది 1755 నాటి అర్థమే.

ఆ అర్థాన్ని మన దేశంలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. పెన్షన్ ఉద్యోగి హక్కు, ఆస్తి అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. 1979లో పెన్షన్ లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరిచి, ఆ సంవత్సరం మార్చి 31 తర్వాత రిటైరయ్యేవారికే వర్తిస్తుందన్నారు. అంతకుముందే రిటైరైన డి.ఎస్. నకారా గారు, మరికొందరు కోర్టుకెక్కారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తేదీ గీతను చెరిపేసింది. పెన్షన్ యజమాని దయాభిక్ష కాదు, గతంలో చేసిన సేవకు చెల్లింపు అని తేల్చింది. మనం ఏటా డిసెంబరు 17న కలుసుకోవడానికి కారణం అదే.

ధాతువు చూపించి ట్రెజరీలో డబ్బు అడగలేమనుకోండి. హక్కు తీర్పులోనూ రూల్సులోనూ ఉంది. కానీ మాట తప్పుగా వాడితే మనిషి తలవంచుకుంటాడు, ఆ తల్లి పక్కకు జరిగినట్టు. అందుకే ఎవరైనా దీన్ని ఉపకార వేతనం అంటే నేను అడ్డుపడతాను. విద్యార్థి స్కాలర్‌షిప్పుకు ఆ పేరు ఉండనివ్వండి. మనకెవరూ ఉపకారం చేయడం లేదు. విశ్రాంత వేతనం అనండి, లేదా హాయిగా పింఛను అనండి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే సోదరీమణులకు ప్రత్యేకంగా మనవి: కౌంటరు దగ్గర "ఏదో ఆయన పుణ్యాన వస్తోంది" అనకండి. "నాకు రావలసింది రాలేదు" అనండి.

మన పిల్లల సంగతి వేరు. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, మన రాష్ట్రంలో అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి వాటా కట్టించుకునే పద్ధతి వచ్చింది. పేరు పెన్షనే, త్రాసు మాత్రం చాలావరకు మార్కెట్టు చేతికి వెళ్లింది. వాళ్ల పోరాటానికి మన సంఘం అండగా ఉండాలని నా అభిప్రాయం.

గ్రాట్యుటీ అనే మాట కథ దీనికి తలకిందులు. అది పుట్టడమే బహుమానంగా పుట్టింది. అయినా మన రాజ్యాంగం 366వ అధికరణంలో పెన్షన్‌కు అర్థం చెబుతూ గ్రాట్యుటీనీ అందులోనే కలిపింది. దాని వివరం మరో సభలో చెబుతాను. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, వంటశాల నుంచి సాంబారు వాసన వస్తోంది. సెలవు.