కీచుమనే బ్రేకు



తలుపు కిర్రుమంటే మనమేం చేస్తాం? బందు మీద రెండు చుక్కల నూనె వేస్తాం. ఆ తెలివితోనే నేనొకసారి కొంపమీదికి తెచ్చుకున్నాను.

మాది అమృతలూరు. మామగారు కొన్న ప్రీమియర్ పద్మిని కారుంది. 1974కి ముందు ఫియట్ 1100 అన్నామే, ఆ బండే. బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు కుడిచక్రం కీచుమనేది. వీధిలో అందరూ తిరిగి చూస్తుంటే నాకు నామోషీ! కుట్టుమిషను నూనె డబ్బా మేనల్లుడి చేతికిచ్చి, చక్రం వెనక సందులో పొయ్యమన్నాను. చప్పుడు పోయింది. మురిసిపోయాను.

ఆ సాయంత్రం తెనాలి నుంచి వస్తున్నాం. ఎడంపక్క కాలవ. గేదె అడ్డమొస్తే మావారు గట్టిగా బ్రేకు నొక్కారు. కారు ఎడమకి లాగేసి, సరిగ్గా కాలవగట్టు అంచున ఆగింది. వెనక సీట్లో పిల్లలు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మర్నాడు మెకానిక్కు చక్రం విప్పి, “అమ్మా, ఇది ఒరుసుకుంటేనే గదా బండి ఆగేది!” అన్నాడు. చక్రంతో తిరిగే ఇనుప మూకుడులాంటిదే డ్రమ్ము. లోపల నెలవంకల్లా రెండు షూలు. పెడలు నొక్కితే అవి విచ్చుకుని డ్రమ్ముని ఒరుసుకుంటాయి. నూనె పడ్డ కుడిచక్రం పట్టలేదు, ఎడమది పట్టింది. అందుకే ఎడమకి లాగింది. చక్రంలోని సిలిండరు కారి, బ్రేకు ఆయిలు షూల మీద పడ్డా ఇదే జరుగుతుంది. నూనె పీల్చిన షూలు కడిగితే బాగుపడవు. రెండు పక్కలా కలిపి మార్చాల్సిందే.

లాగుడుకి ముందు టైర్లలో గాలి హెచ్చుతగ్గులూ కారణం కావచ్చు. ఒక్క చక్రమే కాగిపోతుంటే అక్కడ షూ వదలడం లేదన్నమాట.

ఇక చప్పుళ్లు. కీచుమంటే దుమ్ము చేరి ఉండొచ్చు, లైనింగు నున్నబడి ఉండొచ్చు. గరగరమంటే లైనింగు అరిగి రివెట్లు డ్రమ్ముని గీరుతున్నాయేమో, ఆలస్యం చెయ్యకండి. పెడలు కాలికింద అదురుతుంటే డ్రమ్ము గుండ్రం తప్పి ఉండొచ్చు. వానలో నిలిపిన బండి పొద్దున్నే రెండు మూడుసార్లు గరగరమని ఊరుకుంటే అది పైతుప్పు, భయం లేదు. నీళ్లలోంచి వెళ్లాక మాత్రం మెల్లగా నడుపుతూ బ్రేకు కాస్త నొక్కి వదులుతూ ఆరబెట్టాలి.

ఒక హెచ్చరిక. పాత లైనింగుల్లో ఆస్బెస్టాసు ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నోటితో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడవమనండి.

కారు నడిపేది మనం కాకపోయినా, వెనక సీట్లో కూర్చున్న మనకి చెవులున్నాయి. పిల్లాడు ఏడిస్తే నోరు మూస్తామా, ఎందుకేడుస్తున్నాడో చూస్తామా? బ్రేకు సంగతీ అంతే.