ట్యూబు టైరులో పూసలు

నేను వర్క్‌షాపు మనిషిని; టైరు సంగతే చెబుతాను.

మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్‌కు బియ్యం తోలే మా అల్లుడి లారీ, వేగం అందుకుంటే స్టీరింగు వణికేది. చక్రంలో ఒకచోట బరువు ఎక్కువైతే అంతే. రిమ్ముకు సీసం బిళ్ళ కొట్టడం మనకు తెలిసిన వైద్యం. అతను ఎవరో చెప్పారని బ్యాలెన్సింగు పూసలు తెచ్చి టైరుకూ ట్యూబుకూ మధ్య పోశాడు. అక్కడ పూస కదిలే చోటేది? రుద్ది రుద్ది ట్యూబును తినేశాయి. మల్లేపల్లి దగ్గర ముందు చక్రం గాలి పోయి కూలబడింది. బండిలో మా మనవడూ ఉన్నాడు. వేగం తక్కువ కనుక బతికిపోయారు.

పూసలు పోయవలసింది ట్యూబు లోపల, వాల్వు పిన్ను తీసి. తేమ తగిలితే ముద్ద కడతాయి. జల్లెడ ఉన్న పిన్నే వేయాలి. లేకుంటే గాలి చూసేటప్పుడు పూస ఇరుక్కుని గాలి దిగిపోతుంది. బండి వేగం అందుకున్నాకే అవి బరువుకు ఎదురు పక్కకు చేరతాయి. వంగిన రిమ్ముకు మాత్రం మందు కావు.

ఆ లారీకి వంగింది రిమ్మే! జాకీ ఎక్కించి చక్రం తిప్పితే తెలిసేది. "మామా, మీరు రిటైరైండ్రు గద, కూసోండ్రి" అన్నాడని అలిగి ఊరుకున్నాను. తప్పు నాదే.

రిమ్ము మార్చాము. ఆ ట్యూబును బల్లమీద పెట్టాను, వచ్చి తడిమి చూడండి.