గని మూసిన తర్వాత ఆ నేల ఎవరిది?

 

మన సంస్కృతి సభలో గోల్ఫ్ గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వుకుంటారు. అది డబ్బున్నోళ్ల ఆట, మనకెందుకు అంటారు. పేరు గోల్ఫే గానీ, ఈ రోజు మన మాట నేల గురించి. తవ్వి వదిలేసిన గని మళ్లీ మనుషులు తిరిగే చోటు అవుతుందా? అయితే అది ఎవరి చేతికి వస్తుంది? ఇదే ప్రశ్న.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో గని అంటే మనకు భూపాలపల్లి గుర్తొస్తుంది. కాకతీయ ఖని, అంటే కేటీకే పేరుతో సింగరేణి గనులు అక్కడున్నాయి. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబర్ 23న ఏర్పడింది. అంతకు ముందే, 1889లోనే, ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గు జీతంతో పిల్లల్ని చదివించుకున్నవాళ్లు మనలో ఉన్నారు. బొగ్గు కోసం భూములు పోయినవాళ్లూ మనలో ఉన్నారు. రెండూ నిజమే.

ఓపెన్‌కాస్ట్ గని ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పైనున్న చెట్టు, చేను, మట్టి, రాయి అంతా తీసి పక్కన గుట్టగా పోస్తారు. దాన్నే ఓబీ గుట్ట అంటాం. బొగ్గు అయిపోయాక మిగిలేది ఒక పెద్ద గుంత, కొన్ని గుట్టలు. ఆ తర్వాత ఏంటి అని అడిగేవాళ్లు తక్కువ.

అలా అడిగిన ఒక చోటు గురించి చెబుతాం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, సియాటెల్‌కు దక్షిణంగా సముద్రపు పాయ ఒడ్డున యూనివర్సిటీ ప్లేస్ అనే ఊరుంది. అక్కడ వందేళ్లకు పైగా ఇసుక, కంకర తవ్వారు. 1992లో ఆ నేలను పియర్స్ కౌంటీ కొన్నది. కౌంటీ అంటే మన జిల్లా పరిషత్తు లాంటిదనుకోండి. మొత్తం 930 ఎకరాలు. అందులో దాదాపు 250 ఎకరాల్లో ఛాంబర్స్ బే అనే గోల్ఫ్ మైదానం కట్టి 2007లో తెరిచారు. రూపురేఖలు గీసినది రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్ సంస్థ.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. చిన్న బంతిని కర్రతో కొట్టి, 108 మిల్లీమీటర్ల వెడల్పున్న గుంటలో వేయాలి. అలాంటి గుంటలు 18. తక్కువ దెబ్బల్లో పూర్తి చేసినవాళ్లే విజేతలు.

ఛాంబర్స్ బేలో ఆ పని అంత సులువు కాదు. అది ఇసుక నేల. వాన నీళ్లు వెంటనే ఇంకిపోతాయి, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డచోట ఆగకుండా వాలు వెంట దొర్లుతుంది. సముద్రపు గాలి దాన్ని పక్కకు నెడుతుంది. నీడకు పోదామంటే మైదానం మొత్తానికి ఒకే ఒక్క ఫర్ చెట్టు. బండ్లు ఉండవు, ఎత్తుపల్లాల్లో నడిచే ఆడాలి. చివరి గుంటకు వెళ్లే దారిలో మనిషి కనబడనంత లోతైన ఇసుక గొయ్యి ఉంది. బంతిని ఎంత గట్టిగా కొట్టామన్నది అక్కడ చాలదు, నేల దాన్ని ఎటు తీసుకుపోతుందో ముందే చదవాలి. అడవిలో అడుగు చూసి దారి చెప్పే మన తాతలకు ఈ విద్య కొత్తది కాదు.

2015లో యూఎస్ ఓపెన్ అక్కడే జరిగింది. జోర్డన్ స్పీత్ గెలిచాడు. గుంట చుట్టూ ఉన్న పచ్చిక ఎగుడుదిగుడుగా ఉందని పేరున్న ఆటగాళ్లు బహిరంగంగా విమర్శించారు. తర్వాత ఆ పచ్చికను మార్చారు. 2022లో అదే మైదానంలో యూఎస్ మహిళల అమెచ్యూర్ పోటీని జపాన్‌కు చెందిన 17 ఏళ్ల సాకి బాబా గెలిచింది. చెల్లెళ్లూ, ఆ వయసు మీదే.

అసలు సంగతి ఆట ఫలితం కాదు. ఆ 930 ఎకరాల్లో గోల్ఫ్‌కు పోయింది నాలుగో వంతు. మిగతా నేలలో పార్కు, ఆటస్థలాలు, మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నాయి. గోల్ఫ్ ఆడాలంటే చాలా ఖర్చు. కానీ ఆ మైదానం పక్కనుంచే ఊరి జనానికి నడకదారి ఉంది, దానికి టికెట్ లేదు. కంకర వేరుచేసిన కాలపు కాంక్రీటు గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు ఏం జరిగిందో వాటిని చూస్తే పిల్లలకు కూడా తెలుస్తుంది.

ఇంతవరకు విన్నది బాగానే ఉంది. ఇప్పుడు రెండో సగం వినండి. ఛాంబర్స్ క్రీక్ అనే ఆ వాగు ఒడ్డు స్టిలకమ్ అనే ఆదివాసీ తెగ పాత ఊళ్లున్న చోటు. 1854లో మెడిసిన్ క్రీక్ దగ్గర ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. స్టిలకమ్ ప్రజలకు అందులో ప్రత్యేకంగా నేల కేటాయించలేదు. తమను తెగగా గుర్తించాలని వాళ్లు చేసిన అభ్యర్థనను 2008లో కేంద్ర ప్రభుత్వం తిరస్కరించింది. అంటే, గని పచ్చబడి ప్రపంచం చూడవచ్చింది. ఆ నేల మొదటి మనుషులకు మాత్రం లెక్కలో చోటు దొరకలేదు. నేల బాగుపడటం వేరు, నేల మనకు దక్కడం వేరు. తమ్ముళ్లూ, ఈ తేడాను మనసులో పెట్టుకోండి.

అయితే మనకూ ఒక గోల్ఫ్ మైదానం కావాలని అడుగుదామా? తొందరపడొద్దు. గోల్ఫ్ పచ్చికకు నీళ్లు చాలా కావాలి, మన మే నెల ఎండ మీకు తెలుసు. పైగా బొగ్గు గని మట్టి ఛాంబర్స్ బే ఇసుక లాంటిది కాదు. గుట్టగా పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. పైమట్టిని మొదట్లోనే విడిగా తీసి దాచి, చివర్లో మళ్లీ పైన పరిస్తేనే చెట్టు నిలబడుతుంది. ఓబీ గుట్టల మీద సింగరేణి మొక్కలు నాటిస్తోంది. ఏ మొక్కలు నాటాలో చెప్పాల్సింది మాత్రం మనం కూడా. ఇప్ప, తునికి, ఉసిరి, చింత ఉంటే ఊరికి బతుకు. విలుకాళ్లకు బాణాలు వేసే మైదానం, కబడ్డీ కోర్టు, చేపల చెరువు, ఆడపిల్లలు ధైర్యంగా నడిచే దారి అడగొచ్చు.

అడగడానికి మన చేతిలో ఏముంది? నాలుగు దారులు చెబుతాం.

ఒకటి, 2009లో కేంద్ర బొగ్గు శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. బొగ్గు గనికి మూసివేత ప్రణాళిక ఉండాలి. దానికోసం కంపెనీ ఏటా ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చేయాలి. తవ్వుతున్నప్పుడే కొంత, తవ్వడం అయ్యాక మిగతా పని చేయాలి. అంటే గని మూసేదాకా మనం ఆగనక్కర్లేదు.

రెండు, 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే మనకు తెలుగులో ఉండాలి.

మూడు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం ఉంది. భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని అది చెబుతుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మన తెలుగు నేల మీద పుట్టిందే. చదవండి.

నాలుగు, సమాచార హక్కు చట్టం, 2005. పది రూపాయలు, ఒక తెల్ల కాగితం. మా ఊరి పక్క గని మూసివేత ప్రణాళిక నకలు ఇవ్వండి అని రాయొచ్చు. తెల్లరేషన్ కార్డు వాళ్లు రుసుము కట్టనక్కర్లేదు.

హాస్టల్లో పిల్లలకు మేము దరఖాస్తు రాయడం పాఠంగా చెబుతాం. సెలవు చీటీతో పాటు ఇలాంటి చీటీ కూడా రాయడం వస్తే ఆ పిల్ల ఊరికి అండ.

ఇక ఆట మాట. ఏ ఆటా ఒకళ్ల సొత్తు కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఒకప్పుడు ఢిల్లీలో గోల్ఫ్ సంచులు మోసిన కుర్రాడే. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూనే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. మనవాళ్లకు చేతకాదు అనే మాట ఇంట్లో కూడా అనొద్దు.

ఈ సభ నుంచి వెళ్లాక ప్రతి ఊరి యువజన సంఘం ఒక పని చేయాలి. మీ దగ్గర్లో గని గానీ, క్వారీ గానీ ఉంటే, అది ఎప్పుడు మూస్తారు, మూశాక ఏం చేస్తామని రాసి ఇచ్చారు అన్నది తెలుసుకోండి. పెద్దల్ని కూర్చోబెట్టి, ఆ చోట ముందు ఏ చెట్లున్నాయి, ఏ దేవుడి గద్దె ఉంది, ఏ వాగు పారింది అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నేల గురించి మాట్లాడే రోజు వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్కే మన సాక్ష్యం.

జై సమ్మక్క సారలమ్మ. జై సేవాలాల్. జై కొమురం భీం.