సాయం సరిహద్దు దాటాలంటే

(పల్లె కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నన్ను అగ్గి గురించి, ఆపద గురించి మాట్లాడమన్నారు. తాటాకింటికి అగ్గంటుకుంటే పక్కింటికి పాకటానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫైరింజను వచ్చేసరికి బూడిదే మిగులుద్దని మన ముసలాళ్లు ఊరికే అనలేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీ పల్లె రాష్ట్రానికి చిట్టచివర వుందనుకోండి. మన రాష్ట్రపు ఫైరు స్టేషను నలభై కిలోమీటర్లు. వాగు దాటితే పక్క రాష్ట్రపు స్టేషను పది కిలోమీటర్లే. ఏ బండి ముందు రావాలి? చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. కానీ ఆ బండి వాగు దాటాలంటే ఎవరు అడగాలి? ఇవతలకొచ్చాక ఆ మనుషులు ఎవరి మాట వినాలి? ఖర్చు ఎవరిది? మంటార్పే మనిషి ఒళ్లు కాల్చుకుంటే అతని పెళ్లాం బిడ్డల్ని ఎవరు చూస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేదనుకోండి, మంచి మనసున్న అధికారి కూడా పైవాళ్లకు ఫోను చేస్తూ కూర్చుంటాడు. ఈలోగా ఇల్లు కాలిపోద్ది.

మంట రాకముందే ఈ నాలుగింటికీ జవాబు రాసిపెట్టుకోవటాన్నే రాష్ట్రాల మధ్య పరస్పర సహాయ ఒప్పందం అంటారు. ఈ పని చాలాకాలంగా, చాలా వివరంగా చేస్తున్నవి అమెరికా రాష్ట్రాలు. అమెరికాను పొగడటానికి చెప్పటం లేదు. వాళ్లు ఊళ్లకు ఊళ్లు కాల్చుకుని నేర్చుకున్నారు. మనం విని నేర్చుకుందాం. అంత రాసుకున్నా అక్కడ సాయం ఎవరిదాకా అందలేదో, అది కూడా విందాం.

పైపు అతకలేదు

1904 ఫిబ్రవరి 7, ఆదివారం. బాల్టిమోర్ అనే పట్నంలో అగ్గి లేచింది. పక్కనున్న వాషింగ్టన్‌కి కబురెళ్లింది. వాళ్లు ఫైరింజన్లను రైలెక్కించి కొన్ని గంటల్లోనే దించారు. ఫిలడెల్ఫియా నుండి, న్యూయార్క్ నుండి కూడా వచ్చారు. మనుషులొచ్చారు, బండ్లొచ్చాయి, నీళ్లూ వున్నాయి. తీరా చూస్తే వాళ్ల పైపు మూతి బాల్టిమోర్ వీధి కుళాయికి అతకలేదు! ఒక్కో పట్నం ఒక్కో కొలతలో చేయించుకుంది. తర్వాత లెక్క తీస్తే దేశం మొత్తం మీద 600 రకాలకు పైగా తేలాయి. మంట ముప్ఫై గంటలు మండింది. 1,500కు పైగా కట్టడాలు పోయాయి. మరుసటి సంవత్సరమే దేశమంతటికీ ఒక్క కొలత వుండాలని నిర్ణయించారు గానీ, అన్ని పట్నాలూ దానికి మారటానికి ఏండ్లు పట్టింది.

ఇందులో మనకున్న పాఠం ఏమిటి? మనసు వున్నంత మాత్రాన చాలదు. పైపు కూడా అతకాలి. ముందుగా కూర్చుని మాట్లాడుకోకపోతే వచ్చినవాడు కూడా నిలబడి చూడాల్సిందే.

1947లో ఇంకో దెబ్బ. ఈశాన్యాన మెయిన్ అనే రాష్ట్రం వుంది. ఆ ఏడు నెలల తరబడి వాన పడలేదు. అక్టోబరులో అడవులు అంటుకున్నాయి. రెండు లక్షల ఎకరాలు కాలాయి. తొమ్మిది ఊళ్లు నేలమట్టమయ్యాయి. 16 మంది చనిపోయారు. అంత పెద్ద మంటను ఒక్క రాష్ట్రం తన మనుషులతో ఆపలేదని అప్పుడు అందరికీ అర్థమైంది. 1949లో ఆ చుట్టుపక్కల రాష్ట్రాలు కలిసి అడవి మంటల మీద ఒప్పందం రాసుకున్నాయి. ఆ దేశంలో ఈ రకం ఒప్పందాలకు అదే మొదలు. తర్వాత దేశం సరిహద్దు కూడా దాటి కెనడాలోని క్యూబెక్, న్యూ బ్రన్స్‌విక్ అందులో చేరాయి.

ఆ కాగితంలో ఏముంది?

1992 ఆగస్టు 24న ఆండ్రూ అనే తుఫాను ఫ్లోరిడాను కొట్టింది. కేంద్రం సాయం ఆలస్యమైంది. పక్క రాష్ట్రాల దగ్గర మనుషులున్నారు, సామానుంది, పిలిచే పద్ధతే లేదు. దాంతో 1993లో దక్షిణాది రాష్ట్రాలు ఒక ఒప్పందానికొచ్చాయి. దాన్నే 1996లో వాళ్ల పార్లమెంటు దేశమంతటికీ ఆమోదించింది. 'ఈమాక్' అంటారు. ఇప్పుడు 50 రాష్ట్రాలూ అందులో వున్నాయి. మొత్తం 13 అధికరణాలు. మన నాలుగు ప్రశ్నలకు అందులో జవాబులున్నాయి.

ఎవరు అడగాలి? ఆపదలో వున్న రాష్ట్రం అడగాలి. నోటిమాటగా అడిగినా చాలు. 30 రోజుల్లోపు కాగితం మీద పెట్టాలి. చూశారా, ముందు బండి కదులుద్ది, సంతకం తర్వాత.

ఎవరి మాట వినాలి? వచ్చిన దళం తన సొంత నాయకుడి కిందే వుంటుంది. అయితే ఎక్కడికి పోవాలి, ఏ పని చెయ్యాలి అన్నది పిలిచిన రాష్ట్రం చెప్తుంది. డాక్టరుకో నర్సుకో తన రాష్ట్రంలో లైసెన్సు వుంటే ఆ ఆపద రోజుల్లో ఇక్కడా చెల్లుతుంది.

ఖర్చు ఎవరిది? పిలిచిన రాష్ట్రానిది. ఇష్టమైతే వచ్చిన రాష్ట్రం తనే భరించొచ్చు.

దెబ్బ తగిలితే, ప్రాణం పోతే? ఆ మనిషిని పంపిన రాష్ట్రమే నష్టపరిహారం ఇవ్వాలి. సొంత రాష్ట్రంలో డ్యూటీలో పోతే ఎంత ఇస్తుందో అంతా ఇవ్వాలి. సరిహద్దు దాటి చచ్చాడు కాబట్టి మాకు సంబంధం లేదు అనటానికి లేదు.

ఇంకో మాట కూడా వుంది. తన ఇంటికి కావలసినంత వుంచుకునే హక్కు పంపే రాష్ట్రానికి వుంది. అంటే నీ పల్లెను కాలనిచ్చి పక్కూరికి పొమ్మని ఎవరూ అనరు. 2005లో కత్రినా, రీటా తుఫాన్లప్పుడు ఈ కాగితం మీదే 65 వేల మందికి పైగా వేరే రాష్ట్రాల నుండి వచ్చి పనిచేశారు. ఎవరి దయా కాదు. రాసుకున్న మాట ప్రకారం వచ్చారు.

వంతెన మీద ఆపినారు

ఇక రెండో వైపు చెప్తాను. అదే కత్రినా. న్యూ ఆర్లియన్స్ పట్నం మునిగింది. కార్లున్నవాళ్లు ముందే పోయారు. మిగిలింది ఎక్కువగా నల్లజాతి పేదలు. సెప్టెంబరు 1న కొంతమంది నడుచుకుంటూ మిసిసిపి నది వంతెన ఎక్కారు, అవతలి గడ్డకు పోదామని. అవతల గ్రెట్నా అనే చిన్న పట్నం. అక్కడి పోలీసులు తుపాకీ పేల్చి బెదిరించి వాళ్లను వెనక్కి తోలారు. ఆలోచించండి. వందల మైళ్ల అవతలి రాష్ట్రం నుండి సాయం వస్తావుంది. వంతెన అవతలున్న ఇరుగుపొరుగు మాత్రం దారి మూసేసింది!

ఇంకా దగ్గరి సంగతి. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ చుట్టూ మంటలు లేచాయి. పక్క రాష్ట్రాల ఫైరింజన్లొచ్చాయి. కెనడా నుండి, మెక్సికో నుండి మనుషులొచ్చారు. అక్కడ ఆల్టడీనా అనే ఊరుంది. ఊరి మధ్యన లేక్ ఎవెన్యూ అనే రోడ్డు. దానికి పడమర తరతరాలుగా నల్లవాళ్ల ఇళ్లు. వేరే పేటల్లో వాళ్లకు ఇళ్లు కొననియ్యని రోజుల్లో అక్కడ చేరారు. రోడ్డుకు తూర్పున వున్నవాళ్లకు సాయంత్రమే హెచ్చరిక అందింది. పడమటి వాళ్లకు ఖాళీ చెయ్యమనే కబురు తెల్లవారుజామున గాని రాలేదు. ఆ ఊళ్లో చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ ఆ పడమటి వైపు వాళ్లే.

ఇది మనకు కొత్త సంగతా? ఊరికీ పల్లెకీ మధ్య కూడా రోడ్డుంది కదా. రాష్ట్రాల మధ్య ఒప్పందం సాయాన్ని సరిహద్దు దాటిస్తుంది, అంతే. సరిహద్దు నుండి చివరి గుడిసె దాకా తెచ్చేది ఇంకో మాట. అది కూడా రాసుండాలి.

మన దగ్గర

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం తీరంలో ఏం జరిగిందో హక్కుల సంఘాలు రాసిపెట్టాయి. దళితుల్ని కొన్ని శిబిరాల్లోకి రానియ్యలేదు. మంచినీళ్ల ట్యాంకు ముట్టనియ్యలేదు. శవాలు ఎత్తటానికి మాత్రం వేరే మునిసిపాలిటీల నుండి పాకీ పనివాళ్లను పిలిపించారు. చాలామందికి చేతి తొడుగులు కూడా లేవు. అది కూడా ఒక ఊరు ఇంకో ఊరికి చేసిన సాయమే. ఆ సాయం చేసిన చేతులెవరివి? ఆ చేతులకు ఏం కాగితం రాసిచ్చారు?

మరుసటి సంవత్సరం, 2005లో, మన దేశంలో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. అందులో 61వ సెక్షను గుర్తుపెట్టుకోండి. సహాయం, పరిహారం ఇచ్చేటప్పుడు కులం, మతం, లింగం, పుట్టుక చూసి తేడా చెయ్యకూడదని వుంది. ఇది మీ చేతిలో వున్న కాగితం.

రాష్ట్రాలు సాయం చేసుకోవటం మనకూ కొత్త కాదు. 2019 మేలో ఫణి తుఫాను ఒడిశాను కొట్టినప్పుడు ఆంధ్ర నుండి కరెంటు పనివాళ్లు వెళ్లి స్తంభాలు నిలబెట్టారు. అయితే 2014లో రాష్ట్రం రెండైనాక మనవాళ్ల మధ్యనే కొత్త సరిహద్దు వచ్చింది. భద్రాచలం పట్నం తెలంగాణలో వుంది. దాన్నానుకునే వున్న ఎటపాక ఆంధ్రలో వుంది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఏ గడ్డ ఎవరిదని గోదావరి అడగలేదు. అగ్గి కూడా అడగదు. అడిగేది ఆఫీసులే.

మనం చెయ్యాల్సింది

ఇంటికి పోయాక నాలుగు పనులు చెయ్యండి.

ఒకటి. మీ పల్లెకు ఏ ఫైరు స్టేషను దగ్గరో సైకిలు మీదో మోటారు సైకిలు మీదో పోయి కొలవండి. పక్క మండలం, పక్క జిల్లా, పక్క రాష్ట్రం కూడా చూడండి. 101, 112 నంబర్లు ప్రతి ఇంటి గోడమీదా రాయించండి. సరిహద్దు ఊళ్లల్లో ఫోను ఏ రాష్ట్రం టవరుకు తగిలితే ఆ రాష్ట్రానికి పోవచ్చు గనక, అవతలి స్టేషను నంబరు కూడా రాయండి.

రెండు. పల్లెలోకి ఫైరింజను పట్టే దారి వుందా? నీళ్లు పట్టుకోటానికి ఏ చెరువు, ఏ బావి? ఆ బావి ఎవరిది? మంటప్పుడు మనల్ని దిగనిస్తారా? బాల్టిమోర్‌లో అతకనిది పైపు మూతి. మన దగ్గర అతకనిది ఇంకోటి వుండొచ్చు. దాన్ని మంట రాకముందే తేల్చుకోవాలి.

మూడు. ప్రతి జిల్లాకూ విపత్తు ప్రణాళిక వుండాలని చట్టం చెప్తుంది. దానికి పెద్ద కలెక్టరు. ఆ ప్రణాళిక కాపీ సమాచార హక్కు కింద అడగండి. అందులో మన పల్లె పేరుందా? ఆపదొస్తే పక్క రాష్ట్రం నుండి ఎవరు రావాలో రాశారా? లేకపోతే గ్రామసభలో తీర్మానం పెట్టించి, కలెక్టరుకిచ్చి రసీదు తీసుకోండి.

నాలుగు. ఆపద జరిగితే ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్ని గంటలకు ఫోను చేశాం, ఎన్ని గంటలకు బండొచ్చింది, బియ్యం ముందు ఏ వీధికిచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, అన్నీ రాయండి. మన దగ్గర చదువుకున్న ఆడపిల్లలున్నారు, వాళ్లకివ్వండి ఆ బుక్కు. 61వ సెక్షను పనిచెయ్యాలంటే ఆ బుక్కు కావాలి.

మనం చేతులు జోడించి సాయం అడగటం అలవాటు చేసుకున్నాం. ఈ తరగతి నుండి పోయేటప్పుడు ఆ అలవాటు ఇక్కడే వదిలిపెట్టి పోండి. ముందుగా రాసుకున్న సాయాన్ని ఎవరూ బతిమాలక్కర్లేదు. రాయించుకోవాలి, రాసింది చూపించి అడగాలి.

సెలవు. జై భీం.