నా హైదరాబాదు ఎలెవన్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కమిటీ వాళ్లు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "ఆటల గురించి ఏదైనా చెప్పు, ఉపన్యాసం మాత్రం వద్దు" అన్నారు. మంచిదే. సలహాలు ఇచ్చే వయసు నాకు వచ్చింది గానీ, వినే వయసులో ఉన్నవాళ్లు ఈ హాలులో తక్కువ. అందుకని మనమంతా కలిసి ఒక ఆట ఆడదాం. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఏ ఊళ్లోనైనా ఇరానీ చాయ్ ముందు కూర్చుని ఆడే ఆటే ఇది. మన హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర మొత్తంలోంచి పదకొండు మందిని ఎంచి ఒక జట్టు కట్టాలి. జట్టు నాది, తిట్లు మీవి.

ఇంటర్, సెకండియర్ పిల్లలు కూడా వచ్చారు కాబట్టి ఒక్క మాట. ఫుట్‌బాల్ అనగానే మీకు కోల్‌కతా, గోవా, కేరళ గుర్తొస్తాయి. 1950ల్లో దేశమంతటికీ హైదరాబాదు గుర్తొచ్చేది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో, 1957లో గెలిచి, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో 1961లో మళ్లీ గెలిచింది. వీటిలో 1950, 1961 ఫైనళ్లలో ఓడింది మోహన్ బగాన్, 1957లో ఓడింది ఈస్ట్ బెంగాల్. సంతోష్ ట్రోఫీ కూడా 1956-57లో, 1957-58లో వరుసగా మనదే.

ఇక షరతులు. ఒకటి, ఆటగాడు ఈ జంట నగరాల మైదానాల్లో ఆట నేర్చుకున్నవాడై ఉండాలి. తర్వాత ఏ క్లబ్బుకు వెళ్లినా, ఎక్కడ స్థిరపడినా మనవాడే. రెండు, భారత జట్టు చొక్కా వేసుకుని ఉండాలి. మూడు, "మా నాన్న చూశాడట, ఆయనలాంటివాడు లేడట" అన్న సిఫారసులు చెల్లవు. ఆ లెక్కన ప్రతి బస్తీకీ ఒక పీలే ఉన్నాడు.

మామూలుగా గోల్‌కీపర్‌తో మొదలుపెడతారు. నేను కోచ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ కుర్చీకి పోటీ లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. అజయ్ దేవగన్ నటించిన 'మైదాన్' సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ వినపడుతోంది. మన బడి పండగలో గుర్తు చేసుకోవలసిన సంగతి ఏమిటంటే, ఆయన బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటలు నేర్పారు. అందుకే ఆయన్ని అందరూ రహీం సాబ్ అన్నారు. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం గెలిచింది. జకార్తా నాటికే ఆయనకు క్యాన్సర్. తర్వాతి ఏడు జూన్‌లో కన్నుమూశారు.

గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. ఇక్కడా చర్చ లేదు. సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లాడు. ఆరడుగులు దాటిన మనిషి. 1958లో ఆసియాలోనే మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. జకార్తాలో ఒంట్లో బాగోక సెమీఫైనల్ ఆడలేదు. ఫైనల్‌కు రహీం సాబ్ మళ్లీ ఆయన్నే నిలబెట్టారు. అవతల దక్షిణ కొరియా, గ్రూపు దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. స్టేడియం నిండా జనం, అందరూ మనకు వ్యతిరేకం. 2-1తో గెలిచాం.

వెనక ముగ్గురు. మొదటివాడు అజీజుద్దీన్. సిటీ పోలీస్ ఫుల్‌బ్యాక్, హెల్సింకీ, మెల్‌బోర్న్ రెండు ఒలింపిక్స్ జట్లలోనూ ఉన్నాడు. రెండోవాడు అహ్మద్ హుసేన్, మెల్‌బోర్న్ జట్టులో ఉన్నవాడు. 2021లో కోవిడ్ కాలంలో పోయాడు. పేపర్లో చిన్న వార్త వచ్చింది, మనలో ఎంతమంది చదివారో. మూడోవాడు సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కాంస్యం వచ్చినప్పుడు కెప్టెన్ ఆయనే. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య, రెండు అవార్డులూ అందుకున్నాడు. కాబట్టి నా జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే.

మధ్యలో ముగ్గురు. నూర్ మహమ్మద్, 1952లో, 1956లో ఒలింపిక్స్‌కు వెళ్లిన హాఫ్‌బ్యాక్, సిటీ పోలీస్ వైభవానికి వెన్నెముక. ఆయన పక్కన యూసుఫ్ ఖాన్. రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు, జకార్తా ఫైనల్ ఆడాడు, 1966లో అర్జున అందుకున్నాడు. ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడగలిగినవాడు, అలాంటివాడు ప్రతి జట్టుకూ ఒకడు కావాలి.

మధ్యలో మూడోవాడు మహమ్మద్ హబీబ్. ఇక్కడ వెనక వరుసలోంచి "హబీబ్ ఫార్వర్డ్ కదా" అని గొడవ వస్తుందని నాకు తెలుసు. ఫార్వర్డే. కానీ గోలు కొట్టినంత ఓపికగా వెనక్కి పరిగెత్తి బంతి లాక్కొచ్చేవాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2గా నిలిచిందే, ఆ రెంటిలో ఒక గోలు మన హైదరాబాదు కుర్రాడిది. కోల్‌కతా ఆయన్ని 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. చివరికి ఇక్కడికే వచ్చి, 2023 ఆగస్టు 15న ఇక్కడే కన్నుమూశాడు.

ముందు వరుసలో నలుగురు. మొయినుద్దీన్, హెల్సింకీ వెళ్లిన సిటీ పోలీస్ ఫార్వర్డ్. జుల్ఫికరుద్దీన్, ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ జట్టులో చోటు సంపాదించినవాడు. షబ్బీర్ అలీ, 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ గెలిచిన మన జట్టుకు కెప్టెన్. నేను చూసిన తరానికి అతను హీరో, అందుకని కాస్త పక్షపాతం ఉందనుకున్నా అనుకోండి.

ఇక నాలుగోవాడు తులసీదాస్ బలరాం. రోమ్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. రెండేళ్ల తర్వాత జకార్తా స్వర్ణం. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఇరవై ఏడో ఏటికే ఆట మానేయవలసి వచ్చింది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడు. రహీం సాబ్ కంటపడ్డాక ప్రాక్టీసుకు రమ్మంటే, రోజూ అంత దూరం రావడానికి సైకిల్ అద్దెకు డబ్బుల్లేవన్నాడు. ఆ అద్దె డబ్బులు రహీం సాబ్ ఇచ్చారు. ఆ సైకిల్ అద్దె దొరక్కపోతే రోమ్ గోళ్లు లేవు, జకార్తా పతకం కూడా ఉండేదో లేదో.

బెంచి మీద రహీం సాబ్ కొడుకు హకీం. ఆయనా రోమ్ జట్టులో ఉన్నవాడే, తర్వాత ఫిఫా రెఫరీ అయ్యాడు. కాబట్టి జట్టు ఎంపిక మీద మీకు తగాదా ఉంటే తీర్పు ఆయనే చెబుతాడు. ఆయన పక్కన విక్టర్ అమల్‌రాజ్.

చాయ్ దగ్గర ఈ జట్టు పేర్లు చదివినప్పుడు ఒక మిత్రుడు అడిగాడు, "అన్నా, ఇందులో మనవాడు ఒక్కడూ లేడేంది?" అని. అతని ఉద్దేశం నాకు అర్థమైంది. ఇందులో ఉర్దూ ఇంట మాట్లాడేవాళ్లు ఎక్కువ. తంగరాజ్, బలరాం తమిళ కుటుంబాల వాళ్లు. నేనన్నాను, "పదకొండు మందీ మనవాళ్లే. నువ్వు నీళ్లు తాగిన ఊరి నీళ్లే వాళ్లూ తాగారు." మన క్లాసు హాజరు పట్టీ గుర్తు తెచ్చుకోండి. ఆ పేర్లన్నీ ఒకే బెంచీ మీద కూర్చోలేదా? ఇంటర్వెల్‌లో జట్లు పంచుకున్నప్పుడు ఎవరికి ఎడమ కాలు ఆడుతుందనే చూశాం.

ఎడమ కాలంటే గుర్తొచ్చింది. రహీం సాబ్ పిల్లల కోసం చిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి. ఇంకొకదానిలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. పొట్టి పిల్లలకు మాత్రమే అని ఎత్తు కొలిచి మరో టోర్నమెంటు. ఆలోచిస్తే ఇవన్నీ బడిపంతులు ఆలోచనలు. అక్షరాలు నేర్పినవాడికే తడుతుంది, రాని కాలితో కూడా చేతిరాత దిద్దినట్టు దిద్దించాలని. పొట్టివాడు పొడుగువాడి నీడలో మరుగున పడిపోకూడదని కూడా పాఠం చెప్పినవాడికే తడుతుంది.

ఈ జట్టు కట్టడానికి నాకు నెల పట్టింది. పేర్లు దొరకడం కష్టం కాలేదు. కష్టమైన ప్రశ్న వేరే ఉంది. షబ్బీర్ అలీ తరం తర్వాత ఈ పదకొండులో చోటుకు పోటీపడే కొత్త పేరు ఎందుకు దొరకడం లేదు? మన పిల్లల కాళ్లలో సత్తా తగ్గిందంటే నేను నమ్మను. ఈ పదకొండు మందికీ అకాడమీలు లేవు, ఖరీదైన బూట్లు లేవు. 1952 దాకా మన దేశపు జట్టులో చాలామంది ఒట్టి కాళ్లతోనే ఆడారు. వాళ్లకున్నవి రెండే. ఇంటికి దగ్గర్లో తాళం వేయని ఒక మైదానం, సాయంత్రం అక్కడికి వచ్చే ఒక పెద్దమనిషి. ఊరు పెరిగింది. పెరిగిన కొద్దీ ఆ మైదానాలు కాంప్లెక్సులయ్యాయి, ఫంక్షన్ హాళ్లయ్యాయి, పార్కింగులయ్యాయి.

ఇప్పుడు కమిటీ వాళ్లు నా మైకు లాక్కోక ముందే అసలు మాట చెప్పేస్తాను. స్వర్ణోత్సవం గుర్తుగా సంఘం భవనం కట్టాలని తీర్మానం వచ్చింది. దానికి మన బడి గ్రౌండులో తూర్పు వైపు కొలతలు కూడా తీశారు. ఆ వైపే గోలు పోస్టు ఉంది. భవనం కట్టడానికి నేను వ్యతిరేకం కాదు, నా వంతు చందా ఇస్తాను. పాత సైకిల్ షెడ్డు ఖాళీగా పడి ఉంది, దాని మీద రెండు అంతస్తులు లేపుకోవచ్చు. మనలోనే ముగ్గురు ఇంజనీర్లు ఉన్నారు, లెక్కలు వేసి చూపమనండి. గ్రౌండు తూర్పు వైపు ముప్ఫై అడుగులు పోయాక మిగిలేది ఫుట్‌బాల్ గ్రౌండు కాదు, ప్రార్థనకు వరుసగా నిలబడే ఖాళీ జాగా.

"ఇప్పుడు ఎవరాడుతున్నారు?" అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. సాయంత్రం నాలుగున్నరకు గేటుకు తాళం పడుతుంది, ఎవరాడతారు? అందుకే రెండో ప్రతిపాదన. రోజూ సాయంత్రం రెండు గంటలు గేటు తెరిచి ఉంచేలా హెడ్మాస్టరు గారిని అడుగుదాం. ఒక పి.ఇ.టి. సారు గౌరవ వేతనం సంఘం భరించాలి. ప్రతి ఏటా పిల్లలకు ఒక రహీం సాబ్ టోర్నమెంటు పెడదాం, ఆయన పద్ధతిలోనే: ఒక ఏడు డ్రిబ్లింగ్ లేకుండా, మరో ఏడు రాని కాలితో. దూరం నుంచి వచ్చే పిల్లవాడికి బస్సు పాసు డబ్బులు సంఘమే ఇవ్వాలి. ఈ కాలపు సైకిల్ అద్దె అది.

మూడేళ్లకు సరిపడా ఆ బస్సు పాసుల డబ్బు, రెండు గోలు పోస్టులకు వలలు నేను ఇస్తాను. మిగతాది సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. ఇక నా జట్టు మీద అభ్యంతరాలు ఉన్నవాళ్లు భోజనాల దగ్గర కలవండి. హబీబ్‌ను ముందుకు జరపమంటే జరుపుతాను గానీ, నయీం కెప్టెన్సీ మాత్రం ముట్టుకోనివ్వను.