ఇరికిన గడ్డి, జేబులో తాళంచెవి

(రియాద్‌లో మన వార్షిక సమావేశంలో మజ్రా పనివాళ్ల కోసం చేసిన ప్రసంగం)



ఈ వేదిక మీద ఎక్కువగా ఇకామాలు, జీతాలు, ఎగ్జిట్‌ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి గడ్డి గురించి మాట్లాడమన్నారు. హాయిల్, అల్ జౌఫ్, వాదీ దవాసిర్ దిక్కు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన తమ్ముళ్లు ముందు కూర్చున్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. నేను పద్నాలుగేండ్లుగా ట్రాక్టర్ మీదే ఉన్నా. అందులో తొమ్మిదేండ్లు వెనకాల రౌండ్ బేలర్ తగిలించుకొనే తిరిగిన.

మా మజ్రాలో జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు ఉండె. మే నెల. గోధుమ కోత అయిపోయింది, మిషన్ వెనక పడిన గడ్డి చుట్టాలి. మధ్యాహ్నం రెండు గంటలకు పికప్ దగ్గర గడ్డి ఇరికింది. వాడు ఇంజిన్ ఆపలేదు, పీటీఓ కూడా ఆపలేదు. దిగి ముందు కాలితో తన్నిండు, కదల్లేదు. వంగి చేత్తో లాగిండు. అప్పుడు కదిలింది. గడ్డితోపాటు చెయ్యి కూడా పోయింది, మోచేతి దాకా.

ఆసుపత్రిలో "ఎందుకు ఆపలేదురా?" అని అడిగిన. "అన్నా, ఇంజిన్ ఆపితే ఏసీ ఆగుతది. మల్ల క్యాబిన్ సల్లబడాల్నంటే అర్ధగంట. పొద్దుగూకే లోపల పివట్ ఖాళీ చెయ్యాలన్నడు ముదీర్" అన్నడు. వాడు తెలివి తక్కువోడు కాదు. ఆ పూట మనలో ఎవరున్నా అదే లెక్క వేసుకునేవాళ్లం. నేనూ అంతకుముందు ఎన్నిసార్లు అట్లా దిగిన్నో నాకే తెలుసు.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూడండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9. గడ్డి కదిలిందని కంటికి తెలిసి, చెయ్యి వదలాలని బుర్ర చెప్పేసరికి అర సెకనైనా పడుతుంది. అంతలో షాఫ్ట్ నాలుగు చుట్లు తిరిగేసింది. గడ్డిని గట్టిగా పట్టుకున్న చెయ్యి ఆ లోపల వదలదు. బలం ఉన్నోడికైనా, లేనోడికైనా అంతే.

గడ్డి ఇరకకుండా చూసుకోవడమే సగం పని. గోధుమ గడ్డి ఎండకు పెళుసుబారి, పొట్టిగా, నున్నగా ఉంటుంది. ఛాంబర్లో పడ్డాక తిరగకుండా ఒక్కచోటే జారుతూ ఉంటుంది, బేలు మొదలే కాదు. మొదలు కాని గడ్డి పికప్ నోటికి అడ్డం పడుతుంది. దీనికి ఎత్తుగా, ఒత్తుగా ఉన్న వరుస కావాలి. పలచటి వరుసలైతే ముందే రేక్‌తో రెండు కలిపేయండి. వరుస పికప్ అంత వెడల్పు లేకపోతే కొంతసేపు ఎడమ పక్క, కొంతసేపు కుడి పక్క గడ్డి తినిపించండి. పాములాగా అడుగడుక్కీ తిప్పితే బేలు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అవుతుంది, బెల్టులు పక్కకు జరుగుతాయి. మరీ ఎండిపోయిన గడ్డిని మిట్టమధ్యాహ్నం ముట్టకపోవడమే మంచిది. తెల్లవారుజామున కొంచెం మెత్తబడ్డాక అదే గడ్డి మాట వింటుంది.

బర్సీం సంగతి వేరు. ఆకు రాలకూడదని రాత్రి మంచులో చుట్టమంటారు. పివట్ చక్రాల గాళ్ల దగ్గర గడ్డి పచ్చిగా ముద్దలు కట్టి ఉంటుంది. ఆ ముద్ద ఒక్కటి పోతే చాలు, నోరు మూసుకుపోతుంది. గాడి వచ్చేముందే గేరు తగ్గించండి. పికప్ పళ్లు మట్టి గీరకుండా కాస్త ఎత్తండి. ముద్ద పెద్దదైతే బండి ఆపి, గడ్డి కొంకితో విదిలించి ఆరబెట్టండి. తేమ 20 శాతం దాటిన గడ్డి చుడితే బేలు లోపల వేడెక్కుతుంది, రెండు మూడు వారాల తర్వాత కూడా తనంతట తనే అంటుకోవచ్చు. అలాంటివి గోదాములో పెట్టమంటే ముదీర్‌కు అప్పుడే చెప్పండి.

అయినా ఇరుకుతుంది, మిషన్ కదా. బెల్టు చప్పుడు మారగానే ముందుకు పోవడం ఆపండి. పీటీఓ ఆపి ఒక గజం వెనక్కి రండి. మళ్లీ నిదానంగా పీటీఓ వేసి చూడండి, చాలాసార్లు మింగేస్తుంది. మింగకపోతే పీటీఓ ఆఫ్, హ్యాండ్ బ్రేక్, ఇంజిన్ ఆఫ్, తాళంచెవి జేబులో. హెల్పర్ ఉన్నోళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. మీరు వెనకాల వంగి ఉండగా వాడు సాయం చేస్తున్నా అనుకొని బండి స్టార్ట్ చేస్తడు. ఆపిన తర్వాత కూడా రోలర్లు కాసేపు తిరుగుతాయి, అవి పూర్తిగా నిలిచేదాకా దగ్గరికి పోవద్దు. అప్పుడు కత్తితో కోసి, కొంకితో లాగండి. బిగుసుకున్న గడ్డి ఒక్కసారి వదిలితే రోలర్ కొంత తిరుగుతుంది, ఇంజిన్ ఆగి ఉన్నా సరే.

పురికొస పోకపోతే వెనకనుంచి చేత్తో అందించే అలవాటు ఒకటి ఉంది మనవాళ్లకు. అదీ ఇదే జాతి.

వెనక డోరు ఎత్తి కిందికి దూరేముందు హైడ్రాలిక్ లాక్ వేయాలి. పైపు పగిలితే ఆ డోరు పడటానికి ఎవర్నీ అడగదు.

దుమ్ముకని మెడకు గుత్రా, తువ్వాలు చుట్టుకుంటాం. దాని కొస షాఫ్ట్‌కు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మాస్కు పెట్టుకోండి. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ కవరు పగిలి ఉంటే ఫోటో తీసి ముదీర్‌కు వాట్సాప్ చేయండి, నోటితో చెప్తే మరిచిపోతాడు. పొద్దున బేరింగుల చుట్టూ పేరుకున్న గడ్డి పొట్టు ఊదేయండి, బేలర్లకు నిప్పు ఎక్కువగా అక్కడే పుడుతుంది.

ఇప్పుడు కరీంనగర్, నిజామాబాద్ దిక్కు వరిగడ్డికి చిన్న రౌండ్ బేలర్లు వచ్చినయి. అక్కడ నేర్చుకొని వచ్చిన పిల్లలు "మాకు తెల్సు అన్నా" అంటున్నరు. అక్కడి బేలు ఒక్కడు ఎత్తి బండి మీద వేస్తడు. ఇక్కడిది మూడు వందల కిలోలు దాటుతుంది, వాలు మీద వదిలితే దొర్లుకుంటూ పోతుంది. షాఫ్ట్ మాత్రం అక్కడా 540 చుట్లే, కనుక ఇంటికాడ తమ్ముళ్లకూ ఫోన్ చేసి చెప్పండి.

ఇక కాగితాల మాట. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం వ్యవసాయ కూలీలను చాలావరకు బయట పెట్టింది. కానీ దాని 5వ అధికరణలో, వ్యవసాయ యంత్రాలను శాశ్వతంగా నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు చట్టం కిందికే వస్తారని ఉంది. మనలో చాలామంది ఇకామా మీద మజ్రా కూలీ అనే ఉంటుంది, చేసేది ఆపరేటర్ పని. రేపు ఏదైనా జరిగితే గొడవ ఇక్కడే మొదలవుతుంది. మా తమ్ముడికి అదే జరిగింది. మిషన్ నడిపినట్టు రుజువు చూపించడానికే నెలలు పట్టింది. చివరికి పనికొచ్చింది వాడు ఇంటికి పంపుకున్న ఫోటోలే, బేలర్ ముందు నిలబడి దిగినవి.

కనుక మీ పని ఏమిటో తెలిసే ఫోటోలు, డ్యూటీ షీట్లు, ముదీర్ మెసేజీలు దాచుకోండి, ఒక కాపీ ఇంటికి పంపండి. రెడ్ క్రెసెంట్ అంబులెన్స్ నంబరు 997. మజ్రాకు అడ్రసు ఉండదు కాబట్టి, గేటు దగ్గర నిలబడి లొకేషన్ ఇవాళే సేవ్ చేసుకోండి. మీ హెల్పర్ ఫోన్లో కూడా.

భోజనాల తర్వాత నేను ఇక్కడే ఉంటా. మీ మిషన్ ఏ మోడలో, ఎక్కడ ఇరుకుతుందో చెప్పండి, కూర్చొని చూద్దాం.